ఆయన గుండెకు ఆమె ఒక్కపొద్దు

నగరి ఏకాంబరకుప్పంలో దేవరాజులు ఇల్లెక్కడని అడిగితే, "ఆ గుండె ఆపరేషనాయప్ప ఇల్లా?" అని ఎదురడిగి మరీ చూపిస్తారు. నిజానికి జరిగింది ఆపరేషనూ కాదు, పాడూ కాదు. మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి, గుండె రక్తనాళంలో ఒక స్టెంటు వేసి, రెండు రోజులుంచి ఇంటికి పంపారు. దేవరాజులు మాత్రం ఆ కథను ఆరేళ్ళుగా వీధి వీధికీ చెప్పి చెప్పి, ఎదను రెండుగా చీల్చి, గుండెను పళ్ళెంలో పెట్టి కడిగి, మళ్ళీ కుట్టేసినంత పెద్దది చేశాడు. వినేవాళ్ళు కూడా పాపం అడ్డు చెప్పలేదు. గుండె మాట కదా.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో గుండె ఉన్నది ఆయనొక్కడికే. మిగతావాళ్ళకు చేతులూ కాళ్ళూ ఉన్నాయి. ఆయన గుండెకని పొద్దున్నే రాగిజావ, ఆయన గుండెకని ఉప్పు లేని పులుసు, ఆయన గుండె అదురుతుందని టీవీ సౌండు తక్కువ. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు పొద్దస్తమానం దడదడలాడుతుంటే ఆ అదురు మాత్రం ఆయన గుండెకు తగిలేది కాదు. అది డబ్బులొచ్చే చప్పుడు మరి.

ఈ ఏర్పాట్లన్నీ చూసే మనిషి ఆయన భార్య చౌడేశ్వరమ్మ. ఆమె పుట్టింది కార్వేటినగరంలో, చేతిమగ్గం ఇంట్లో. వాళ్ళ నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పుకునే వీలుండేది. నగరికి కోడలిగా వచ్చిన రోజు, మరమగ్గాలాడే ఇంట్లో నిలబడి "దప్పికవుతాంది, నీళ్ళు కావల్ల" అని ఆమె అంటే ఒక్కరికీ వినపడలేదు. వారం తిరక్కుండా అరవడం నేర్చుకుంది. ఆ తర్వాత పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. మగ్గాలున్న ఇళ్ళల్లో అందరికీ ఆ విద్య వస్తుంది. గది ఆ మూల నుంచి ఒకరు ఉత్త పెదాలు కదిపితే ఈ మూల నుంచి ఇంకొకరు జవాబు చెబుతారు. వినదలచుకోని వాళ్ళకు పెదాలు కదిపినా లాభం లేదని తెలియడానికి మాత్రం ఆమెకు ఒక జీవితం పట్టింది.

చుట్టుమిషను మీద నూలు కండెలు చుట్టడం ఆమె పని. తెగిన పోగు అతకడం, రంగుల అద్దకం నుంచి వచ్చిన తడి నూలు మిద్దె మీదికి మోసి ఆరేయడం ఆమె పని. వంట ఎటూ ఆమె పనే. కొడుకు ఢిల్లీబాబు లుంగీల మూటలతో మద్రాసుకూ నగరికీ మధ్య తిరుగుతూ ఇంట్లో కనపడేది తక్కువ. ఉన్న తోడల్లా కోడలు రూపశ్రీ. ఆ పిల్ల చంకలో చంటిబిడ్డ ఉన్నా అత్తను ఓ కంట కనిపెట్టే ఉండేది.

నొప్పి మొదట మిద్దె మెట్ల మీద వచ్చింది. తడి నూలు భుజానేసుకుని ఎక్కుతుంటే, వీపులో రెండు రెక్కల నడుమ ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టయింది. దవడ లాగింది. నిలబడితే పోయింది, ఎక్కితే మళ్ళీ వచ్చింది. ఎదలో కాదు కదా, వీపులో కదా అని ఆమే సర్దుకుంది. దేవరాజులుకు వచ్చినప్పుడు ఎడమ రొమ్ము పట్టుకుని వీధంతా లేచేలా కేకలు పెట్టాడు. గుండెనొప్పి అంటే అట్లా ఉండాలని ఆ ఇంట్లో కొలత ఏర్పడిపోయింది. కేకలు పెట్టని నొప్పి ఆ కొలతకు రాలేదు.

కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు మగని ముందు నోరు విప్పింది.

"వీపులో పట్టేస్తాండాదయ్యా. దవడ గూడా లాగతాంది."

"గ్యాసు," అన్నాడు దేవరాజులు, తన మాత్రల డబ్బా సర్దుకుంటూ.

"మెట్లెక్కితేనే వస్తాండాది."

"నువ్వెక్కితే అదీ పైకెక్కతాది. రవంత వాము నమిలి గమ్మునుండు."

ఆమె వాము నమిలింది. జీలకర్ర నీళ్ళు తాగింది. సోడా తాగింది. నొప్పి మాత్రం తన మానాన తాను వచ్చి పోతూనే ఉంది. ఒకరోజు మెట్ల మధ్యలో చెమటలు కారుతూ కూలబడిపోతే రూపశ్రీ చూసి, తడి నూలు లాగి పక్కన పడేసింది. కిందికి వచ్చి మామ ముందు నిలబడింది.

"మామా, అత్తకు గుండె చూపించల్ల."

దేవరాజులు నవ్వాడు. ఆ నవ్వును చౌడేశ్వరమ్మ చచ్చేదాకా మర్చిపోదు. "ఏమే, నాకొచ్చిందని నీకూ కావాల్నా? గుండెజబ్బేమన్నా చీరనుకున్యావా, పక్కింటామె కట్టిందని కట్టుకునేదానికి?"

రూపశ్రీ ఊరుకోలేదు. మొగుడికి ఫోను చేసి రచ్చ చేసింది. కొడుకు తండ్రికి ఫోను చేశాడు. ఆ విధంగా, మూడు నోళ్ళు తిరిగి, చౌడేశ్వరమ్మ వీపులో నొప్పి తిరుపతి దాకా పోయింది.

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో ఈసీజీ తీశారు. నొప్పి లేనప్పుడు పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఏమీ తేలలేదు. నడిపించి చూద్దామంటే మోకాళ్ళు రెండూ అరిగిపోయి ఉన్నాయి. అప్పుడు గుండె డాక్టరు, న్యూక్లియర్ స్కాన్ చేయిద్దాం అన్నాడు. ఒక మందుతో గుండెను పరుగెత్తించి, కిరణాలుండే ఇంకో మందును నరంలోకి ఎక్కిస్తారట. రక్తం బాగా అందే చోట గుండె కండ ఆ మందును పట్టుకుని వెలుగుతుందట, అందని చోట చీకటిగా ఉంటుందట. పెద్ద కెమెరా పెట్టి ఆ వెలుగునూ చీకటినీ బొమ్మ తీస్తారట. ముందురోజు నుంచీ కాఫీ, టీ ముట్టకూడదు. పొద్దున పరగడుపున రావాలి.

"బేస్తవారం రండి," అన్నారు కౌంటర్లో.

"బేస్తవారం మగ్గాలాపితే ఎట్లప్పా?" అన్నాడు దేవరాజులు. "శనివారం ఇయ్యండి. పెరటాసి శనివారం మాకెట్లా మగ్గాలాడవు."

శనివారం ఇచ్చారు.

తమిళ లెక్కలో వచ్చే పెరటాసి నెల శనివారాలంటే మన చిత్తూరు వైపు ఇంటింటా వెంకటేశ్వరస్వామికి తళిగ వేసే రోజులు. ఇల్లు కడిగి, నామం పెట్టిన పటం ముందు అరిటాకు పరిచి, పులిహోర, చక్రపొంగలి, వడలు రాశిగా పోసి, పిండిదీపం వెలిగిస్తారు. ఎంత ఉన్న ఇంటివాళ్ళైనా ఆ పొద్దున నామం దిద్దుకుని చెంబు పట్టుకుని, గోవిందా అంటూ నాలుగిళ్ళలో బిచ్చమడిగి తెచ్చిన బియ్యం ఆ తళిగలో కలపాలి. తళిగ వేసేదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఒక్కపొద్దు ఉంటారు. చాలామంది మధ్యలో పాలు తాగుతారు, అరటిపండు తింటారు. దేవుడేమీ అంత పట్టింపు మనిషి కాదు.

కానీ చౌడేశ్వరమ్మది ఉత్త ఒక్కపొద్దు కాదు, మొక్కు. ఆరేళ్ళ కిందట మొగుణ్ణి స్టెంటు గదిలోకి తోసుకుపోయినప్పుడు, ఆమె వరండాలో కింద కూర్చుని పసుపు గుడ్డలో రూపాయి కట్టి మొక్కుకుంది. "సామీ, ఈయప్ప గుండె కొట్టుకుంటా ఉన్నన్నాళ్ళూ పెరటాసి శనివారాలు దీపం పెట్టేదాకా నీళ్ళు తప్ప ఇంకేమీ నోట పెట్టను." మొక్కు ఫలించింది. గుండె కొట్టుకుంటూ ఉంది. మగ్గాలతో పోటీగా ఆమె కండెలు చుట్టుకుంటూ, పెరటాసి వస్తే ఎండిపోతూ ఉంది. దేవరాజులు మాత్రం ఆ శనివారాల్లో ఎనిమిదింటికే టిఫిను తినేవాడు. మాత్రలేసుకునే మనిషి ఒక్కపొద్దు ఉండకూడదని డాక్టరు చెప్పాడని ఆయన మాట. గుండె ఆయనది, ఆకలి ఆమెది. పంపకం అట్లా కుదిరింది.

ఆ శనివారం చీకటితోనే బయల్దేరి పుత్తూరు మీదుగా బస్సులో తిరుపతి చేరారు. తళిగ వంట, చంటిబిడ్డ రెండూ ఉన్నాయి కాబట్టి రూపశ్రీ ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది, నేను పోయుంటే అని. పోయుంటే బాగుండేది, నిజమే.

స్కాన్ గదిలో సునీల్‌కుమార్ అనే టెక్నీషియన్ చేతికి సూది గుచ్చి, ఛాతీకి తీగలు అంటించాడు. ఓపికమంతుడు. ప్రతి పనీ చెప్పి చేశాడు. "ఇప్పుడు గుండె దడదడ కొట్టుకుంటాదమ్మా, నాలుగు నిమిషాలే, భయపడొద్దు," అని మందు ఎక్కించాడు.

మొహం సెగలు కక్కింది. గుండె ఎగిరెగిరి పడింది. ఆ వెంటనే, వీపులో రెక్కల మధ్య ఆ మోకాలు వచ్చి అదిమింది. దవడ లాగింది. చౌడేశ్వరమ్మకు నొప్పికంటే ముందు సంతోషం వచ్చింది.

"ఇదే నాయనా! ఇదే నొప్పి! సూడు, నేను సెప్పలా, ఇదే!" అని అరిచింది. ఇన్నాళ్ళకు ఆ నొప్పి పరాయి మనిషి ముందర, తీగలు మిషన్లు అన్నీ సాక్ష్యంగా ఉన్నప్పుడు వచ్చింది. తప్పిపోయిన బిడ్డ దొరికినంత సంబరంగా పట్టుకుంది దాన్ని.

"ఈ మందుకు శానామందికి అట్లనే ఉంటాదమ్మా, ఐనా రాసుకుంటాలే," అన్నాడు అతను మెల్లగా. రెండో మందు, ఆ వెలిగే మందు, ఎక్కించాక అసలు మాట చెప్పాడు. "ఇప్పుడు బయటికి పోయి బాగా నెయ్యేసిన దోశో, గుడ్డో, పాలో తినేసి రాండి. ఈ మందు గుండెకే కాదు, కాలేయానికీ పేగులకీ గూడా పోతాది. కొవ్వుండేది తింటే అది కిందికి దిగిపోతాది. తినకుంటే గుండె కింది గోడ పక్కనే ఆ వెలుగు అడ్డం నిలబడతాది. బొమ్మ సరిగ్గా రాదు. మర్చిపోవద్దు."

మర్చిపోలేదు ఆమె. బయట ఉన్న మగనికి పొల్లుపోకుండా అప్పజెప్పింది.

ఇద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నారు. దేవరాజులు నెయ్యి దోశ చెప్పాడు. వచ్చింది. ఆమె దాన్ని చూసింది. నిన్న పొద్దున్నుంచీ కాఫీ చుక్క లేక తల పగిలిపోతోంది. దోశ అంచున నెయ్యి మెరుస్తోంది.

"ఏం జేద్దామయ్యా?" అంది. "తినాల్సిందే అంటాండాడు ఆ పిల్లోడు."

 దేవరాజులు ఎడమ చెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు. ఆయనకది అలవాటు. "నీ ఇష్టం," అన్నాడు చివరికి. "నా ప్రాణం మీద మొక్కుకున్న మొక్కది. ఇన్నేండ్లూ నిలబెట్టింది అదే గదా. ఒక దోశ కోసరం నన్ను సంపుకుంటానంటే తిను."

నవ్వుతూనే అన్నాడు. కానీ చెయ్యి మాత్రం రొమ్ము మీద నుంచి తియ్యలేదు.

చౌడేశ్వరమ్మ ప్లేటును ఆయన వైపు జరిపింది. గుండెను చూసే మిషనుకు కడుపుతో పనేముంటుందిలే అనుకుంది. స్వామి చూసుకుంటాడనుకుంది. ఏదైతేనేం, మొగుడి గుండె పక్కన తన దోశను పెట్టి తూచుకుంటే, ఆమె లెక్కకు ఆ గుండే బరువు తేలింది. ఆమె రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఆయన దోశ తిన్నాడు, పారేస్తే పాపమని.

కెమెరా కింద రెండు చేతులూ తల పైకి పెట్టి పడుకోబెట్టారు. కదలకూడదు. ఆమె కదల్లేదు, అంతసేపూ గోవింద నామం చెప్పుకుంది. సునీల్‌కుమార్ తెర చూసి బయటికి వచ్చాడు.

"తిన్నావామ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే తలుపు దగ్గర నుంచి దేవరాజులు చెప్పాడు, "తినింది సార్. నెయ్యి దోశ."

"తింటే ఇంత వెలుగుండకూడదే," అని అతను నసిగాడు. "ఇంగో రెండు గ్లాసులు నీళ్ళు తాగి, రవంతసేపు నడిచి రామ్మా. మళ్ళీ తీస్తా."

మళ్ళీ తీశాడు. మధ్యాహ్నం గుండె నెమ్మదించాక ఇంకో సూది వేసి ఇంకోసారి తీశాడు. ఆమె అప్పుడూ నీళ్ళే తాగింది. అప్పుడూ దేవరాజులే జవాబు చెప్పాడు. ఆమె చేసిందల్లా మాట్లాడకపోవడం. నలుగురిలో మొగుడు చెప్పిన మాటను కాదనడం ఆమెకు చేతకాదు. ఆ చేతగానితనాన్ని మనం చాలా కాలంగా మర్యాద అని పిలుస్తున్నాం.

సాయంత్రం స్కాన్ బొమ్మలు చూసి చెప్పే డాక్టరు మహిత పిలిచింది. చిన్న వయసే కానీ నింపాదిగా మాట్లాడే మనిషి. "గుండె పైభాగం, పక్క గోడలు బాగున్నాయి. కింది గోడ దగ్గర మాత్రం పేగుల వెలుగు అడ్డం వచ్చింది, గట్టిగా చెప్పలేను. తిన్నారు కదా?"

"తినింది మేడం."

"సరే. అయితే ఒక మాట. ఈ నొప్పి ఇట్లాగే ఉంటే వారంలో రండి, మళ్ళీ తీద్దాం. అశ్రద్ధ చేయొద్దు."

దేవరాజులుకు వీటిలో వినపడింది ఒక్కటే, బాగున్నాయి అన్న మాట. అంత చప్పుడులో పెదాలు చూసి మాట పట్టుకునే మనిషికి, నిశ్శబ్దమైన గదిలో మిగతాది వినపడలేదు.

తిరుగు బస్సులో ఆయన ఆమె పక్కన కూర్చోలేదు. ఒంట్లో కిరణాలుంటాయి, ఈ పూట చంటిబిడ్డను ఎత్తుకోవద్దని ఆస్పత్రిలో చెప్పారు. అది చంటిబిడ్డకని చెప్పిన మాట. దేవరాజులు తన గుండెకు కూడా వర్తింపజేసుకుని నాలుగు సీట్లు ముందుకు పోయి కూర్చున్నాడు. ఆమె కిటికీకి తల ఆనించుకుని, ఇంటికి పోయి దీపం పెట్టి ఎప్పుడు గుక్కెడు కాఫీ తాగుదామా అని ఒక్కటే తలపోసింది.

మర్నాటికల్లా వీధంతా తెలిసింది. "తిరపతిలో అణుబాంబు మిషనులో పెట్టి చూపించినా. గుండె గుండ్రాయి మాదిరి ఉండాదంట. ఉత్త గ్యాసు." తన గుండె గురించి చెప్పినంత ఉత్సాహంగానే చెప్పాడు ఆమె గుండె గురించి. రూపశ్రీ ఒకటికి రెండుసార్లు అడిగింది, మళ్ళీ రమ్మన్నారా అని. "నొప్పుంటే రమ్మన్యారు. నొప్పేడుంది? అంతా మనసులో ఉండాది," అన్నాడు.

ఇదీ ఆ స్కాను చేసిన మేలు. అంతకుముందు ఆమె నొప్పిని ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మకపోవడానికి ఒక ఆధారం దొరికింది. ఆమె మెట్ల మీద ఆగితే మిషనే చెప్పింది కదా అనేవారు. కొన్నాళ్ళకు ఆమెకే తన మీద అనుమానం వచ్చింది. నొప్పి వచ్చినప్పుడల్లా సిగ్గుపడేది, దొంగతనం చేస్తూ దొరికినట్టు. అబద్ధం చెప్పింది మిషను కాదన్న సంగతి ఆమెకు తెలుసు. ఒక దోశకు ఇంత ఉంటుందా అని మాత్రం అనుకునేది.

శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం, చుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా నొప్పి వచ్చింది. మెట్లెక్కలేదు, బరువు మొయ్యలేదు, ఊరికే వచ్చింది. వచ్చింది పోలేదు. ఒళ్ళంతా చెమట. గొంతు రాలేదు. నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. గదికి ఆ పక్క దేవరాజులు పడుగు సరిచేస్తూ తలెత్తాడు. ఆమె పెదాలు కదిపింది, "నొప్పి" అని. ఆయన చూశాడు. పెదాలు చదివాడు. తెలిసింది ఆయనకు, అందులో సందేహం లేదు. ఎందుకంటే ఆయన పెదాలు కూడా కదిలాయి. "గ్యాసు. సోడా తాగు."

ఆమె ఆ మాటను చదువుకుంటూనే పక్కకు ఒరిగిపోయింది.

బిడ్డను నిద్రపుచ్చి వచ్చిన రూపశ్రీ చూసి, ముందు పోయి కరెంటు మెయిను లాగేసింది. పనిదినాన ఆ ఇంట్లో మగ్గాలు ఆమె కోసం ఆగడం అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దానికి వీధిలో వాళ్ళు కూడా బయటికి వచ్చారు.

బతికింది. తిరుపతి చేరేసరికి చాలా ఆలస్యమైంది కానీ బతికింది. ఆమెకూ స్టెంటు వేశారు. ఎంత కండ మిగిలిందో చూడాలని కొన్ని వారాలకు మళ్ళీ అదే గదిలో, అదే కెమెరా కింద పడుకోబెట్టారు. ఈసారి వెంట రూపశ్రీ కూడా వచ్చింది. తినమన్నప్పుడు దగ్గర కూర్చుని ముద్దలు పెట్టి మరీ తినిపించింది.

డాక్టరు మహిత తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. కొత్త బొమ్మలో గుండె గుర్రపు లాడంలా ఉంది. కింది వైపు నల్లగా ఉంది.

"ఈ నలుపు ఉంది చూశారా, ఇక్కడ కండ చచ్చిపోయింది. ఇది ఇంక తిరిగి రాదమ్మా. మందులతో మిగిలింది కాపాడుకోవాలి. బరువులు మొయ్యకూడదు, మెట్లు ఎక్కువ ఎక్కకూడదు." ఆమె పాత బొమ్మ వైపు తిరిగింది. "నాకు అర్థం కానిది ఇది. పోయినసారి సరిగ్గా ఈ చోటికే పేగుల వెలుగు అడ్డం వచ్చింది. చక్కగా కనపడి ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్ళం. తిన్నారని చెప్పారే?"

చౌడేశ్వరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. చెయ్యి రొమ్ము మీద ఉంది.

ఆమె ఆగింది. ఆయనకు అవకాశం ఇవ్వడానికే ఆగింది. ఆయన క్యాలెండరులోంచి బయటికి రాలేదు.

"నేను తినలా తల్లీ," అంది. మగ్గాల ఇంటి గొంతు అది, గదంతా మోగింది. "ఆయప్ప బాగుండల్లని నేను ఒక్కపొద్దున్యా. నాకు పెట్టిన దోశ ఆయప్ప తిన్యాడు. తినిందని సెప్పింది గూడా ఆయప్పే. నేను గమ్మునుంటి."

"ఏందే అది, పరాయోళ్ళ ముందర," అన్నాడు దేవరాజులు.

 డాక్టరు మందులు రాసిచ్చింది. రూపశ్రీ ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. చౌడేశ్వరమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. తన మీద కూడా మండింది. ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే సగం గుండె చీకటి కాకుండా ఉండేది. దేవుడు అడగని మొక్కు తను మొక్కింది. అక్కర్లేని మొక్కును ఈయన వాడుకున్నాడు. ఇప్పుడు ఎవర్ని అడగాలి? స్వామిని అడిగితే, పాలు తాగొద్దన్నానా నేను అంటాడు.

మళ్ళీ పెరటాసి వచ్చింది. మొదటి శనివారం పొద్దున దేవరాజులు తలంటుకుని, నామం దిద్దుకుని, ఇత్తడి చెంబు తోమించి పట్టుకుని బిచ్చానికి బయల్దేరుతూ వంటింట్లోకి తొంగి చూశాడు. చౌడేశ్వరమ్మ పీట మీద కూర్చుని ఉంది. ముందర ప్లేటులో దోశ. రూపశ్రీ పెనం మీద ఇంకొకటి తిప్పుతోంది.

"ఏమే, ఈ పొద్దు శనివారం గదా," అన్నాడు.

"అవును." తుంచి నోట్లో పెట్టుకుంది.

"పెరటాసి."

"తెలుసు."

ఆయనకు నిజంగా భయం వేసింది. నామం కింద నుదురు చెమర్చింది. చెంబు కింద పెట్టి రొమ్ము పట్టుకున్నాడు. "మొక్కు తప్పతాండావే. నాకేమన్నా అయితే?"

ఆమె నమిలి, మింగి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది. "నీ గుండెకు నువ్వుండు ఒక్కపొద్దు. నా తావ మిగిలింది సగమే, అది నాకే సాలదు."

"నేను మాత్రలేసుకునేవాణ్ణి..."

"నేనూ ఏసుకునేదాన్నే." ఆమె ఇంకో ముక్క తుంచింది. "అంత భయంగా ఉంటే తిరపతికి పోయి స్కాను తీపించుకో. మర్చిపోకుండా తిని పో."

రూపశ్రీ పెనం వైపు తిరిగి నిలబడింది. దేవరాజులు కాసేపు గుమ్మంలోనే ఉన్నాడు. తర్వాత చెంబు తీసుకుని వీధిలోకి పోయాడు. గోవిందా అన్న ఆయన కేక నాలుగిళ్ళ అవతల దాకా వణుకుతూ వినపడింది.

ఆ రోజు ఆయన టిఫిను ముట్టలేదు. మాత్రలు నీళ్ళతో మింగేసి, దీపం పెట్టేదాకా మగ్గం గదిలో మూలన కూర్చున్నాడు. ఆకలికి ముఖం పీక్కుపోయింది. చూసినవాళ్ళు, పెళ్ళాం జబ్బుకని ఒక్కపొద్దు ఉన్నాడనుకున్నారు, ఎంత మంచివాడో అన్నారు. ఆయన కాదనలేదు. ఎవరి గుండెకని ఉన్నాడో చౌడేశ్వరమ్మకు తెలుసు. ఆమె మందులేసుకుని, ఆగిపోయిన మగ్గాల పక్కన మంచం వాల్చుకుని పడుకుంది.